మీరు పక్కన ఉన్నారంతే

కిందటి వారం మీరు నన్ను రాజీ కేంద్రం గుమ్మంలో వదిలి వెళ్ళారు. అక్కణ్ణుంచే ఎత్తుకుంటాను. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబితే సంగతి ఇది. కోర్టు మెట్లు ఎక్కకుండా తగవులు తీర్చుకోవాలనుకునేవాళ్ళు ఆ కేంద్రానికి వస్తారు. అక్కడ నేను మధ్యవర్తి పని నేర్చుకుంటున్నాను. మా ఇంట్లో గాని వీధిలో గాని ఎవరు ఎవరితో మాటలు మానేసినా కలిపేది నేనే కాబట్టి, ఈ విద్య నాకు పుట్టుకతోనే వచ్చిందన్న ధీమాతో చేరాను. నేను చేరిన కొన్నాళ్ళకే మా తోడికోడలు, మా ఇంటి చిన్నకోడలు, "నేనూ వస్తా అక్కా" అంటూ వెనకాలే వచ్చింది. రావడం తప్పు కాదు. వచ్చి నాకంటే బాగా చెయ్యడం తప్పు. నేర్చుకుంటున్నవాళ్ళలో ఒక్కరికే ఈ విడత సొంతంగా కేసు నడిపే అర్హత, మధ్యవర్తి కుర్చీ ఇస్తారట. ఆ ఒక్కరూ నేనేనని ఇంటిల్లిపాదికీ ముందే చెప్పేసుకున్నాను. అలాంటిది ఆ రోజు గుమ్మంలోనే మాస్టారు, ఇవాళ్టి కేసులో మీరిద్దరూ పక్కపక్కన కూర్చోండి అన్నారు.

మా మాస్టారు ఒకప్పుడు పేరున్న లాయరు. జీవితమంతా అరిచి అరిచి, గెలిచినవాళ్ళు కూడా ఏడుస్తూ ఇంటికి వెళ్ళడం చూసి విసుగెత్తి ఇటు వచ్చారు. మేం కేసు నడుపుతుంటే ఆయన మూల కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుంటారు. నిద్రపోతున్నారనుకుంటే మన ఖర్మ. అన్నీ వింటారు. ఎవరైనా మెచ్చుకోదగ్గ పనో, చీవాట్లు తినే పనో చేసినప్పుడే ఆ కళ్ళు తెరుచుకుంటాయి. నేను మాట్లాడుతుండగా అవి తెరుచుకోవడం అంతవరకూ చూడలేదు. చిన్నకోడలు మాట్లాడినప్పుడు చూశాను, ఒకసారి కాదు.

మాకు వచ్చినవాళ్ళు ఇద్దరు దర్జీలు. ఒకే కొట్టు, ఒకే బోర్డు. ఒకాయన గుడ్డ కత్తిరిస్తాడు, ఒకాయన మిషన్ మీద కుడతాడు. నేను మనసులో వాళ్ళకి కత్తెరాయన, మిషనాయన అని పేర్లు పెట్టుకున్నాను. పెళ్ళాల కంటే ఎక్కువ కాలం ఒకరితో ఒకరు కాపురం చేసిన మనుషులు. అలాంటిది కత్తెరాయన తన అల్లుణ్ణి కొట్లోకి తెచ్చి, వీధి వైపు కిటికీ పక్కన కొత్త మిషన్ వేయించి కూర్చోబెట్టాడు. మిషనాయన మిషన్ లోపలికి, ఇస్త్రీ బల్ల వెనక్కి పోయింది. ఆ రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు మిషనాయన కొట్టు మధ్యలో గోడ కట్టి ముందు సగం తనకి ఇమ్మంటున్నాడు. ముందు సగం ఇచ్చేస్తే నేను చీకట్లో కత్తెర పట్టుకుని ఎవరి జుట్టు కత్తిరించాలి అంటున్నాడు కత్తెరాయన.

మొదలుపెట్టింది నేనే. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదని, ఇక్కడ తీర్పు చెప్పేవాళ్ళెవరూ లేరని, తగవు మీది, రాజీ కూడా మీదేనని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నాకైతే చాలా బాగా వచ్చిందనిపించింది. మూల కుర్చీ వైపు చూశాను. కళ్ళు మూసే ఉన్నాయి.

ఇద్దరూ పాత పాటే పాడారు. ముడి ఎక్కడుందో తెలియనప్పుడు ఒక్కొక్కరితో విడిగా కూర్చోవడం మా పనిలో మామూలు. దానికి పక్కనే చిన్న గది ఉంది. అక్కడ వాళ్ళు చెప్పింది, వాళ్ళు సరేనంటే తప్ప, అవతలివాళ్ళ చెవిన పడకూడదు. ఈ విద్యలో అన్నిటికన్నా పెద్ద నియమం అదే. చేరిన మొదటి రోజే మా చేత ఒప్పించుకుంటారు.

ముందు మిషనాయన్ని తీసుకెళ్ళాం. నేను పని మొదలుపెట్టాను. గోడ ఎక్కడ కడతారు, షట్టరు ఎవరు తీస్తారు, బోర్డు మీద ఎవరి పేరు ఉంచుతారు అని వరసగా అడిగాను. అన్నిటికీ "మీ ఇష్టం" అన్నాడు. ఇంత కష్టపడి గోడ అడిగిన మనిషికి ఆ గోడ ఎక్కడ కావాలో కూడా పట్టకపోతే నేనేం చేసేది? చిన్నకోడలు గ్లాసులో నీళ్ళు పోసి ఆయన ముందు పెట్టి, అప్పటికి నోరు విప్పింది.

"లోపల కూర్చుంటే ఎలా ఉంటుందండీ?"

అంతే. అడిగి ఊరుకుంది. ఆయనా ఊరుకున్నాడు. గోడ మీద గడియారం తప్ప ఎవరూ మాట్లాడటం లేదు. ఇదేం పద్ధతి, ఆయన్ని ఇలా ఇబ్బంది పెట్టడమెందుకని నేను అందుకోబోయాను. అప్పుడు తను బల్ల కింద నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆగమని. నన్ను. ఆ అమ్మాయి మా ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో, పెద్దవాళ్ళ ముందు ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు ఊరుకోవాలో నేర్పింది నేను. ఒళ్ళు భగ్గుమంది.

ఆ చెయ్యి ఇంకా నా మోకాలి మీద ఉండగానే ఆయన చెప్పాడు.

"సూదిలో దారం కనబడట్లేదమ్మా."

చూపు ఆనడం లేదట. చాలా కాలంగానేనట. కిటికీ పక్కన ఉన్నన్నాళ్ళూ చేతి అలవాటుతో, ఎండ వెలుతురుతో నెట్టుకొచ్చాడు. లోపలికి జరిగాక కుట్టు వంకరపోతోందట. మరి ఆ మాటే స్నేహితుడితో చెప్పచ్చు కదా అంటే తల అడ్డంగా ఊపాడు. తెలిస్తే జాలిపడతాడు, మిషన్ అల్లుడికి అప్పగించి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి బొత్తాలు కుట్టుకోమంటాడు, అంతకంటే గోడ నయం అన్నాడు. ఈ మాట ఆయనకి చెప్పచ్చా అని చిన్నకోడలు అడిగింది. వద్దన్నాడు. చెప్పం అంది తను. నేనూ తల ఊపాను. మీకు అబద్ధం చెప్పను, ఆ తల ఊపుతున్నప్పుడు నా మనసు ఆయన కళ్ళ మీద లేదు. ఇంత మాట నా ప్రశ్నలకి రాకుండా దాని మౌనానికి ఎలా వచ్చిందా అన్న దాని మీదే ఉంది.

తర్వాత కత్తెరాయనతోనూ విడిగా కూర్చున్నాం. ఆయన అల్లుడికి పని దొరక్కపోవడం గురించీ కూతురి దిగులు గురించీ చెప్పి, అందులో దాచేది ఏమీ లేదన్నాడు. మళ్ళీ అందరం పెద్ద గదిలోకి వచ్చాం. గుండ్రటి బల్ల చుట్టూ నలుగురం, మూలన మాస్టారు.

ఈసారి చిన్నకోడలు కత్తెరాయన్ని, మీరిద్దరూ కలిసి మొదట కుట్టింది ఏమిటండీ అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. గోడ గొడవలో ఇదెందుకు? ఆయన మాత్రం కాసేపు ఆలోచించి, ఒక స్కూలు యూనిఫాంలు అన్నాడు. అప్పటికి మిషన్ అద్దెదట. పెడల్ బిగుసుకుపోతే మిషనాయన కుడుతుంటే కత్తెరాయన కింద కూర్చుని రెండు చేతులతో నొక్కాడట. పొద్దున్న పిల్లలు అవి వేసుకుని వీధిలో బారుగా నడిచి వెళ్తుంటే కొట్టు తెరవకుండా ఇద్దరూ నిలబడి చూశారట. చెబుతూ చెబుతూ ఆయన మొహం మెత్తబడింది. అంతవరకూ బల్ల చెక్క మీద చూపు పెట్టుకున్న మిషనాయన తల ఎత్తాడు. "నిక్కర్లు పొట్టివయ్యాయి" అన్నాడు. అన్ని రోజుల తర్వాత వాళ్ళిద్దరి మధ్యా పడిన మొదటి మాట అది.

నేను మూలకి చూశాను. మాస్టారు కళ్ళు తెరిచి ఉన్నాయి. చిన్నకోడల్ని చూస్తున్నాయి. చూసి, తల ఊపారు.

ఆ తల ఊపు కోసం నేను ఎన్నాళ్ళుగా మొహం వాచి ఉన్నానో నాకే తెలుసు. దాని కోసం పొద్దున్నే లేచి వంట ముగించి, అద్దం ముందు నిలబడి ప్రశ్నలు అడగడం అభ్యాసం చేశాను. దానికేమో కూర్చున్న చోటే దొరుకుతోంది. నాకు కడుపు మండింది. మండిందంటే మామూలుగా కాదు, చెవుల దాకా. ఇంకో రెండు మాటలు అలాగే సాగితే కేసు తేలిపోతుంది, తేల్చింది అదే అవుతుంది, కుర్చీ అక్కడికే పోతుంది. ఆ క్షణంలో నా దగ్గర వాళ్ళిద్దరినీ ఒక్క దెబ్బకి కలిపేసే మాట ఒకటి ఉంది. నోటి చివర ఉంది.

"గోడ దాకా ఎందుకండీ, కిటికీ ఇస్తే చాలు" అన్నాను. "చూపు ఆనని మనిషికి కావలసింది వెలుతురు గాని గోడ కాదు కదా."

ఎంత తెలివైన మాటో చూడండి. నిజం కూడా. అందుకే కదా అంత అందంగా నోట్లోంచి జారింది.

మిషనాయన నా వైపు చూడలేదు. చిన్నకోడలి వైపు చూశాడు. తను కళ్ళు దించుకుంది. కత్తెరాయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన గొంతు మారిపోయింది.

"అయితే ఆ వంకర కుట్లు నీవా? నేను అల్లుణ్ణి తిట్టాను. నా కూతురి ముందు తిట్టాను."

మిషనాయన కుర్చీ వెనక్కి జరిపి, బల్ల అంచు పట్టుకుని లేచి, చేత్తో తలుపు వెతుక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు. కత్తెరాయన తలుపు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. పిలవాలా వద్దా తేల్చుకోలేక కాసేపు నిలబడి, వెనక మెట్ల వైపు నుంచి దిగిపోయాడు.

అప్పుడు మాస్టారి కళ్ళు మొదటిసారి నా కోసం తెరుచుకున్నాయి.

ఆ మాట బయట చెప్పడానికి ఆయన ఒప్పుకున్నారా అని నెమ్మదిగా అడిగారు. గొంతు పెంచి ఉంటే బాగుండేది, నేనూ పెంచేదాన్ని. ఈలోగా చిన్నకోడలు అందుకుని, "మేమిద్దరం కలిసే విన్నామండీ, నేనే ముందు..." అంటూ మొదలుపెట్టింది. నా తప్పులో కూడా దానికి సగం వాటా కావాలట. నువ్వు ఊరుకో అన్నాను. ఒప్పుకోలేదండీ, నేనే చెప్పేశాను అన్నాను మాస్టారితో. ఇలా జరిగినప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే ఉందన్నారాయన. చెప్పినవాళ్ళే ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, సంజాయిషీలు లేకుండా చేసింది చేశామని ఒప్పుకుని, మళ్ళీ మా దగ్గరికి వస్తారా అని అడగాలట. ఆయన రానంటే రాననే హక్కు ఆయనకి ఉందట. పాఠం అంటే ఇదే, వెళ్ళండి అన్నారు.

మిషనాయన ఎంతో దూరం పోలేదు. మెట్ల మలుపులో కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కిందకి మెట్లు చీకటిగా ఉన్నాయి, దిగడానికి భయపడుతున్నాడని అప్పటికి గాని నాకు తట్టలేదు. నేను చెప్పాల్సింది చెప్పాను. సంజాయిషీలు వద్దని మాస్టారు అన్నారు కాబట్టి సంజాయిషీ లేకుండానే చెప్పాను. మీరు నన్ను నమ్మి చెప్పిన మాట బయటపెట్టాను, నాదే తప్పు అన్నాను. ఆయన కోప్పడలేదు. పొరపాటు సవరిస్తున్నట్టుగా అన్నాడు.

"మీకు చెప్పలేదమ్మా నేను. ఆ అమ్మాయికి చెప్పాను. మీరు పక్కన ఉన్నారంతే."

తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే తుడుచుకునేదాన్ని. దీన్నెలా తుడుచుకోవడం? చెయ్యి పట్టుకుని దింపనా అని అడిగితే వద్దన్నాడు. నేను ఆయనకి ఒక మెట్టు ముందు, వెనక్కి తిరిగి చూసుకుంటూ దిగాను. ఆయన నా అడుగుల చప్పుడు వింటూ దిగాడు. మళ్ళీ వస్తారా అంటే, ఆలోచించుకుంటానన్నాడు.

పైకి వచ్చేసరికి గదిలో కుర్చీలు మారి ఉన్నాయి. మధ్యవర్తులు కూర్చునే చోట మాస్టారు కూర్చున్నారు. తగవు తెచ్చుకున్నవాళ్ళు కూర్చునే చోట చిన్నకోడలు ఉంది. దాని ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరికోసమని అడగబోయి ఆగిపోయాను.

"కూర్చోండి" అన్నారు మాస్టారు. ఈ అమ్మాయి నిన్ననే నన్ను ఈ సమయం అడిగింది, ఇందాక జరిగింది చూశాక ఇవాళ వద్దేమో అన్నాను, ఇవాళే కావాలంది అని చెప్పారు. ఎవరి మీద తగవు అన్నాను. అది అడగడానికి నేను కాస్త తెలివితక్కువదాన్నయినా అయి ఉండాలి, లేదా నటిస్తూ అయినా ఉండాలి. మాస్టారు ఆ ప్రశ్నని వదిలేశారు. నాకు కాళ్ళు పీకుతున్నాయి కాబట్టి కూర్చున్నానని ఇప్పటికీ చెబుతాను.

అది ఏం చెబుతుందో నాకు తెలుసనుకున్నాను. చిన్న గదిలో తనకి అడ్డు రాబోయాననో, మాస్టారి ముందు నోరు మూయించాననో. ఒక్కొక్కదానికీ జవాబు సిద్ధం చేసుకున్నాను. చిన్నకోడలు నా మొహంలోకి చూసి, ఇంట్లో మాట్లాడే మామూలు గొంతుతో అంది.

"మేం వేరే ఇల్లు చూసుకున్నాం అక్కా."

నేను మాస్టారి వైపు చూశాను.

తనే చెప్పుకుంటూ పోయింది. నేను తనతో నేరుగా మాట్లాడటం ఎప్పుడు మానేశానో నాకు గుర్తుందో లేదో గాని తనకి గుర్తుందట. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా అత్తగారి చేత అడిగిస్తున్నానట. తను ఏది ముట్టుకున్నా అది నా చేతిలోంచి లాక్కున్నట్టే అవుతోందట. తన పిల్లాడికి జ్వరం వస్తే నన్ను పిలవడానికి కూడా భయమేసిందట. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అంతా విని నేను అన్నదేమిటో చెప్పుకుంటే సిగ్గుచేటు. అయితే ఇక్కడికి రావడం మానేస్తావా అన్నాను.

మానేస్తానంది. ఆ కుర్చీ నువ్వే తీసుకో అక్కా అంది.

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే కదా. దక్కింది. దక్కుతున్నప్పుడు కూడా, ఇంత తేలిగ్గా వదులుకోవడం దీనికి ఎలా వచ్చిందా అని మళ్ళీ దాన్ని చూసే కుళ్ళుకున్నాను. నన్ను ఏం చేసినా పాపం లేదు.

తర్వాత మెల్లగా అసలు సంగతికి వచ్చింది. మా మరిది ఈ మాట ఇంకా అన్నగారికి చెప్పలేదట. అన్న మొహం చూస్తే నోరు పెగలడం లేదట. కాని ఎప్పుడు చెప్పినా తన నోటితో తనే చెప్పుకోవాలట. ఇంకొకరి ద్వారా తెలిస్తే అన్నదమ్ములకి మళ్ళీ అతకదు అంది.

"అంతవరకూ నీ దగ్గరే ఉంచుకో అక్కా. బావగారికి కూడా చెప్పకు."

"ఇందాక అంత జరిగాక కూడా నాకు చెబుతున్నావా?"

"అందుకే చెబుతున్నాను."

మాస్టారు నా వైపే చూస్తున్నారు. మా ఆయన దగ్గర నేను ఇన్నేళ్ళలో ఏదీ దాచలేదు. అది నా గొప్ప కాదు, నాకు దాచడం చేతకాదు. ఇంటికి వెళ్ళగానే బ్యాగు కింద పెట్టకముందే రోజంతా ఒలకబోసేస్తాను. అయినా ఒప్పుకున్నాను. ఈసారి తల ఊపి ఊరుకోలేదు, నోటితో చెప్పాను. చెప్పనన్నాను.

కిందకి దిగేసరికి గేటు దగ్గర మా ఆయన స్కూటర్ మీద కూర్చుని ఉన్నారు. రోజూ నేనే బస్సులో వెళ్తాను. ఈయన ఇలా వచ్చారంటే ఏదో ఉంది. మొహం వెలిగిపోతోంది. ఎక్కమని కూడా అనకుండా, ఇంటికెళ్తే అందరూ ఉంటారు, ఇక్కడే చెప్పేస్తాను అన్నారు.

రేపు పొద్దున్నే మేస్త్రీ వస్తున్నాడట. మేడ మీద తమ్ముడి కోసం రెండు గదులు, వేరే వంటిల్లు కట్టిస్తారట. ఈ మధ్య తోడికోడళ్ళిద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉండటం తను గమనిస్తూనే ఉన్నారట. వంటిళ్ళు వేరైతే మనసులు కలుస్తాయి, ఇల్లు మాత్రం ఒక్కటిగా ఉంటుంది అన్నారు. సొంతంగా కొట్టు పెట్టుకోవాలని ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్నదంతా అందులోనే పెడుతున్నారట. ఇటుకలకి అప్పుడే చెప్పేశారట.

"వాడికి తెలిస్తే వద్దంటాడు. గోడలు లేచాక చూపిస్తా. అంతవరకూ ఎవ్వరికీ చెప్పకు, మరదలికి అసలే చెప్పకు. నీ దగ్గరే ఉంచుకో. సరేనా?"

ఆయన నా జవాబు కోసం చూస్తున్నారు. నా వెనక మెట్ల మీద చిన్నకోడలి చెప్పుల చప్పుడు వినిపించింది.